సిరిమాను ఫొటో ఏ ఫోల్డరులో ఉంది?

క్లుప్తంగా: ఇళ్లలో, స్టూడియోల్లో పేరుకుపోయిన వేల ఫొటోల్లో కావలసినది దొరకకపోతే చాలామంది స్టోరేజీని తప్పుపడతారు. చిక్కు ఎక్కువగా మరోచోట ఉంటుంది. ఫొటో గురించిన వివరాన్ని సాఫ్ట్‌వేర్ తన ఖాతాలో రాసుకుంటే, ఆ సాఫ్ట్‌వేర్ మూతపడిన రోజున వివరమూ పోతుంది. ఫొటో ఫైలులోనే రాస్తే ఫొటో ఎక్కడికి వెళితే అక్కడికి వెళుతుంది. పనుల వరుస కూడా ముఖ్యమే: ముందు నకళ్లు ఏరివేయాలి, తర్వాత సమయాలు దిద్దాలి, పేర్లూ ట్యాగులూ (వెతకడానికి ఫొటోకు తగిలించే మాటలు) ఆ పైన.

విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరిగేలోగా వీధి పొడవునా ఫోన్లు పైకి లేస్తాయి. ఆ రాత్రికే చాలా ఫోన్లలో స్టోరేజీ నిండిందన్న హెచ్చరిక వస్తుంది. ఏడాది గడిచాక అదే ఇంట్లో ఎవరో "పోయిన ఏడాది సిరిమాను ఫొటో ఉండాలి, చూడండి" అంటే, అరగంట తెర జరిపినా అది దొరకదు.

తేదీని బట్టి వెతకవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఉత్సవం 2022లో అక్టోబర్ 11న, 2023లో అక్టోబర్ 31న, 2024లో అక్టోబర్ 15న జరిగింది. తిథిని, వారాన్ని బట్టి నడిచే పండుగకు ఇంగ్లీషు తేదీ నిలకడగా ఉండదు. శ్రీకాకుళం పక్కనే అరసవల్లిలో సంగతి వేరు. సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే సందర్భం సూర్యగమనాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఏటా మార్చి, అక్టోబర్ నెలల్లో దాదాపు అవే రోజుల్లో వస్తుంది. ఆ రోజుల్లో ఆలయం వెలుపల తీసిన ఫొటోలు తేదీతోనే దొరికిపోతాయి. తిథిని బట్టి వచ్చే రథసప్తమి ఫొటోలు మాత్రం అలా దొరకవు. తేదీల వరుసలో పేర్చడం వల్ల సగం పనే అవుతుంది. మిగతా సగానికి ఆ ఫొటో దేనిదో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

గుట్ట ఎలా పెరిగింది

ఫిలిం రోజుల్లో రీలుకు 36 ఫొటోలు. ప్రతి నొక్కుకూ, ప్రతి ప్రింటుకూ డబ్బు ఖర్చయ్యేది కాబట్టి ఏరివేత ఫొటో తీయడానికి ముందే జరిగేది. డిజిటల్ కెమెరాతో ఆ అడ్డు తొలగింది. అయినా కార్డు నిండగానే కంప్యూటర్‌లోకి దించుకోవలసి వచ్చేది, ఆ దించుకునే వేళ కొంత ఏరివేత, కొంత పేర్లు పెట్టడం జరిగేవి. ఫోను వచ్చాక ఆ ఘట్టమూ పోయింది.

మరో కారణం ఉచిత నిల్వ. గూగుల్ ఫొటోస్ 2015 మే నెలలో మొదలైనప్పుడు, కాస్త కుదించిన నాణ్యతలో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోవచ్చన్నది. 2021 జూన్ 1 నుంచి ఆ సదుపాయం ఆగింది. అప్పటి నుంచి ఎక్కించే ప్రతి ఫొటో ఖాతాకు ఇచ్చిన 15 జీబీలో లెక్కకు వస్తోంది. ఫొటో సగటున 4 ఎంబీ అనుకుంటే 15 జీబీలో పట్టేవి 3,750 మాత్రమే, అందులోనే మెయిళ్లకూ చోటు కావాలి. ఆరేళ్లపాటు ఏరకుండా ఎక్కించడం అలవాటైన ఇళ్లలో ఇప్పుడు తొలగింపుల తొందర కనిపిస్తోంది. ఆ తొందరలో పోయే ఫొటోలే ఎక్కువ బాధ పెడతాయి. బ్యాకప్ నడుస్తున్న ఫోనులో గూగుల్ ఫొటోస్ నుంచి ఒక ఫొటోను తొలగిస్తే అది ఫోనులోనూ, క్లౌడ్‌లోనూ పోతుంది. బిన్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు.

కెమెరా రాసే వివరం, మనిషి రాసే వివరం

ఫొటోలను మామూలుగా దాచే జేపీఈజీ ఫైలులో బొమ్మతో పాటు ఒక చీటీ కూడా ఉంటుంది. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో రూపొందించిన ఎగ్జిఫ్ అనే పద్ధతిలో కెమెరా తానే ఆ చీటీ నింపుతుంది: తీసిన తేదీ, గంట, నిమిషం, సెకను, కెమెరా మోడల్, లెన్సు వివరాలు, లొకేషన్ తెరిచి ఉంటే అక్షాంశ రేఖాంశాలు. ఇవేవీ ఎవరూ టైపు చేయనక్కరలేదు.

ఫొటోలో ఉన్నది ఎవరు, ఏ వేడుక అన్నది కెమెరాకు తెలియదు. ఇందుకు వార్తాసంస్థల అవసరం కొద్దీ ఐపీటీసీ అనే పద్ధతి పుట్టింది. ఫొటోతో పాటే శీర్షిక, ఊరు, తీసినవారి పేరు, వెతకడానికి పనికివచ్చే మాటలు పంపుకోవడానికి పత్రికలు దీన్ని వాడాయి. తర్వాత అడోబ్ సంస్థ 2001లో ఇదే పనికి ఎక్స్‌ఎంపీ అనే పద్ధతిని తెచ్చింది, 2012లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇప్పటి ఫొటో నిర్వహణ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ మూడింటినీ చదవగలవు.

సాధారణంగా పొరపాటు జరిగేది ఇక్కడే. కంప్యూటర్‌లో ఫోల్డరు తెరిచి తేదీ వరుసలో పేర్చినప్పుడు కనిపించేది తరచుగా ఫైలు తేదీ, అంటే ఆ ఫైలు ఆ డిస్కులోకి వచ్చిన రోజు. 2016 నాటి ఫొటోలను నిన్న పెన్ డ్రైవ్ నుంచి ఎక్కిస్తే "సృష్టించిన తేదీ" నిన్నటిదే చూపిస్తుంది. లోపలి ఎగ్జిఫ్ తేదీ మాత్రం 2016 అనే చెబుతుంది. ఫొటో సాఫ్ట్‌వేర్ చూసేది ఆ లోపలి తేదీని. మామూలు ఫోల్డరు చూపుకీ, ఫొటో సాఫ్ట్‌వేర్‌కీ ఉన్న అసలు తేడా ఇదే.

గడియారం తప్పితే తలంబ్రాలు ముందొస్తాయి

ఆ లోపలి తేదీ ఎప్పుడూ సరైనదేనా? కెమెరా గడియారం ఎంత సరైనదైతే అది అంతే.

శ్రీకాకుళంలో ఒక పెళ్లి అనుకుందాం. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, ఒకరు మండపం మీద, మరొకరు క్యాండిడ్ ఫొటోలకు. రెండో కెమెరా గడియారం 17 నిమిషాలు వెనకబడి ఉంది. ఎడిటింగ్ సమయంలో రెండు కార్డులనూ ఒకేచోట కలిపి సమయం వరుసలో పేర్చగానే కథ తారుమారవుతుంది. మొదటి కెమెరాలో జీలకర్ర బెల్లం పెట్టేది 2.14కు. అరగంట తర్వాత 2.44కు రెండు కెమెరాలూ తలంబ్రాలు తీశాయి, కానీ రెండో కెమెరా వాటి మీద 2.27 అని రాసింది. మొదటి కెమెరాలో 2.30కి తీసిన మాంగల్యధారణ ఆ తలంబ్రాల తర్వాత కనిపిస్తుంది. ఆల్బమ్ సెలెక్షన్‌కు కూర్చున్న పెద్దలు "ఇదేమిటి, తాళి కట్టకముందే తలంబ్రాలా?" అంటారు.

దీనికి వందల ఫొటోలను చేత్తో జరపనక్కరలేదు. రెండు కెమెరాలకూ చిక్కిన ఒకే క్షణాన్ని, అంటే తలంబ్రాల పళ్లెం మొదటిసారి పైకెత్తిన క్షణం లాంటిదాన్ని ఎంచుకోవాలి. ఆ రెండు ఫొటోల ఎగ్జిఫ్ సమయాల మధ్య తేడా చూడాలి. ఎగ్జిఫ్‌లో కెమెరా మోడల్ ఉంటుంది కాబట్టి రెండో కెమెరా ఫొటోలన్నిటినీ ఒక్క వడపోతతో విడదీయవచ్చు. వాటికి ఒకేసారి 17 నిమిషాలు కలిపితే వరుస కుదురుతుంది. ఫొటో నిర్వహణ సాఫ్ట్‌వేర్లయిన డిజిక్యామ్‌లోనూ, లైట్‌రూమ్ క్లాసిక్‌లోనూ ఈ సమయం దిద్దే సాధనం ఉంది. పని మొదలయ్యే ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోను గడియారాన్ని ఫొటో తీసి ఉంచుకుంటే తేడా తెలుసుకోవడానికి అర నిమిషం చాలు.

రాత్రి లగ్నాలతో ఇంకో ఇబ్బంది ఉంది. తేదీకో ఫోల్డరు చేసే సాఫ్ట్‌వేర్ ఎదుర్కోలు ఫొటోలను ఒక ఫోల్డరులో, అర్ధరాత్రి దాటాక జరిగిన జీలకర్ర బెల్లాన్ని మరుసటి రోజు ఫోల్డరులో వేస్తుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు రోజులు, ఇంటివారికి ఒకే పెళ్లి. కాబట్టి వేడుకలకు తేదీ ఫోల్డర్లను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా, మొదలైన రోజు తేదీతో వేడుక పేరు కలిపి ఒక్క ఫోల్డరు పెట్టుకోవడం మేలు. తేదీని ఏడాది, నెల, రోజు అనే వరుసలో రాస్తే ఫోల్డర్లు వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి.

గల్ఫ్‌లో పనిచేసే కుటుంబ సభ్యులు పంపిన ఫొటోలదీ సమయం సమస్యే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. మొదట ఎగ్జిఫ్‌లో టైమ్ జోన్ రాసే గడి లేదు, 2016లో చేర్చారు. పాత కెమెరా ఫైళ్లలో అది ఖాళీగానే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ రాసుకుంటోంది?

సాఫ్ట్‌వేర్ ఎంపికలో ధర, అందం, వేగం గురించి చాలా చర్చ జరుగుతుంది. వాటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే, అయినా దీన్ని అడిగేవారు తక్కువ.

ఫొటో నిర్వహణ సాఫ్ట్‌వేర్లు రెండు చోట్ల రాయగలవు. ఒకటి తమ సొంత ఖాతా పుస్తకం. లైట్‌రూమ్ దాన్ని కేటలాగ్ అంటుంది, డిజిక్యామ్ డేటాబేస్ అంటుంది. ఇది ఊరి రికార్డుల గదిలోని రిజిస్టరు వంటిది. వెతుకులాట చాలా వేగంగా సాగుతుంది, 50 వేల ఫొటోల్లో ఒక మాట వెతికినా క్షణాల్లో జాబితా వస్తుంది. అయితే రిజిస్టరు పోతే, లేదా రిజిస్టరులో రాసిన చోటు నుంచి ఫొటోను ఎవరైనా బయటి నుంచి జరిపితే, రెండింటికీ లంకె తెగిపోతుంది. రెండో చోటు ఫొటో ఫైలే. కెమెరా కంపెనీల సొంత "రా" ఫైళ్లలో (కెమెరా ముడిగా దాచే ఫొటో ఫైళ్లలో) లోపల రాయడం సురక్షితం కాదు కాబట్టి, పక్కనే అదే పేరుతో చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలు పెడతారు. ఫొటోను జరిపేటప్పుడు ఆ పక్క ఫైలును వదిలేస్తే వివరం పోయినట్లే.

ఈ తేడా ఎంత ఖరీదైనదో పికాసా చూపించింది. గూగుల్ 2004లో కొన్న ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మన స్టూడియోల్లో, ఇళ్లలో, ఇంటర్నెట్ కేంద్రాల్లో విరివిగా కనిపించేది. 2016 మార్చి 15తో దాని డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు మద్దతు ఆగింది. అందులో జేపీఈజీ ఫొటోల కింద రాసిన శీర్షికలు ఫైలులోనే చేరాయి కాబట్టి ఈనాటికీ వేరే సాఫ్ట్‌వేర్లలో కనిపిస్తాయి. సేవ్ చేయని దిద్దుబాట్లు, పికాసాలో కట్టిన ఆల్బమ్‌లు మాత్రం దాని సొంత చిన్న ఫైళ్లలో, డేటాబేస్‌లో ఉండిపోయాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే మనిషి చేసిన శ్రమలో ఒక భాగం నిలిచింది, ఇంకో భాగం మిగల్లేదు. శ్రద్ధ తక్కువై కాదు, రాసిన చోటు వేరై.

క్లౌడ్ సేవల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో రాసిన వివరణ, దిద్దిన తేదీ టేకౌట్ (గూగుల్ నుంచి మన ఫైళ్లు దించుకునే సదుపాయం) ద్వారా ఫొటోలు దించుకున్నప్పుడు ఫొటో లోపలికి రావు. పక్కనే జేసన్ అనే మరో ఫైలులో వస్తాయి. ఆ ఫైళ్లు పనికిరానివనుకుని తుడిచేసినవారు తమ ఏళ్ల రాతను తామే తుడిచేసినట్లు.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో మార్పులను ఎక్స్‌ఎంపీలోకి దానంతట అదే రాసే ఎంపిక ఉంది, కానీ మొదట అది ఆపి ఉంటుంది. ఉచితంగా లభించే డిజిక్యామ్‌లోనూ ఏ వివరాలను ఫైలులోకి రాయాలో మెటాడేటా (ఫొటో వివరాల) సెట్టింగుల్లో చూసుకోవాలి. సెట్టింగు పనిచేస్తోందా లేదా అన్నది తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ఒక్క ఫొటోకు ట్యాగు పెట్టి, దాన్ని పెన్ డ్రైవ్‌లో మరో కంప్యూటర్‌కు తీసుకెళ్లి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. ట్యాగు కనిపిస్తే ఫైలులో ఉన్నట్లు. కనిపించకపోతే మిగతా 20 వేల ఫొటోల జోలికి వెళ్లకముందే ఆ సంగతి తెలిసింది.

నకళ్లు: ట్యాగుల కంటే ముందు

ఒకే సిరిమాను ఫొటో ఇంట్లో నాలుగు రూపాల్లో ఉండవచ్చు: ఫోనులో అసలుది, కంప్యూటర్‌లో దాని కాపీ, కుటుంబ వాట్సాప్ గ్రూపు నుంచి తిరిగి వచ్చినది, ఎవరో మూల కత్తిరించి పంపినది.

అచ్చంగా ఒకటే అయిన ఫైళ్లను గుర్తించడం సులువు. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని సాఫ్ట్‌వేర్ ఒక పొడవాటి సంఖ్య తయారు చేస్తుంది, రెండు ఫైళ్ల సంఖ్యలూ కలిస్తే అవి ఒకటే. కానీ ఒక కాపీలో ట్యాగు రాయగానే బైట్లు మారతాయి, సంఖ్యా మారుతుంది. బొమ్మ అదే అయినా ఈ పరీక్షలో అవి వేర్వేరు ఫైళ్లుగా తేలతాయి. ట్యాగుల కంటే ముందు నకళ్ల ఏరివేత జరగాలనడానికి కారణం ఇదే.

వాట్సాప్ కాపీకి ఈ పరీక్ష చాలదు. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, ఎగ్జిఫ్ చీటీని తీసేస్తుంది. సాధారణ నాణ్యతలో పొడవైన వైపు సుమారు 1600 పిక్సెళ్లకు దిగుతుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు ఉన్న 12 మెగాపిక్సెళ్ల ఫొటో అలా 2 మెగాపిక్సెళ్లలోపు మిగులుతుంది. చిన్న ప్రింటుకు సరిపోవచ్చు, గోడకు తగిలించే పటానికి చాలదు. ఫైలు పేరులో కనిపించే తేదీ కూడా వాట్సాప్‌లో పంపిన, అందుకున్న రోజుది. ఫొటో తీసినది ఏడాది ముందైనా కావచ్చు.

ఇలాంటి కుదించిన కాపీలను పట్టుకోవడానికి డిజిక్యామ్ వంటివి బొమ్మలోని వెలుగునీడల అమరికను ఒక ముద్రగా మార్చి పోలుస్తాయి. ఎంత శాతం పోలిక ఉంటే చూపాలో మనమే చెప్పవచ్చు. శాతం తగ్గించేకొద్దీ పక్కపక్క క్షణాల్లో తీసిన వేర్వేరు ఫొటోలు కూడా నకళ్ల జాబితాలోకి చేరతాయి. కాబట్టి తుది తొలగింపు మనిషి కంటితోనే జరగాలి. కెమెరా మోడల్ వివరం ఉన్నది, పిక్సెళ్లు ఎక్కువ ఉన్నది ఉంచి మిగిలినవి తీసేయడం మంచి నియమం. అసలు ఫొటో కావాలంటే పంపేవారిని డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి, అప్పుడు ఫైలు మార్పు లేకుండా వస్తుంది.

తెలుగులో ట్యాగులు, మారిన జిల్లాలు

ట్యాగులు తెలుగులో రాయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్‌లో టైపు చేస్తే చాలు. స్టూడియోల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైపు చేసిన శీర్షికలు మాత్రం ఆ ఫాంటు లేనిచోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజిగా కనిపిస్తాయి. వాటిని ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పాత ఐపీటీసీ పద్ధతిలో ఒక ట్యాగుకు 64 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, యూనికోడ్ తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. "సిరిమానోత్సవం" 39 బైట్లలో ఇమిడిపోతుంది. "పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం" అని రాస్తే 92 బైట్లై, ఆ గడిలో మధ్యలోనే తెగిపోతుంది. ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు. రెండింటిలోనూ రాసే సాఫ్ట్‌వేర్ వాడేవారికి చిన్న ట్యాగులే క్షేమం.

ఒకే మాటను ఒకేలా రాయడం ఇంకా ముఖ్యం. ఇంట్లో ఒకరు ఫొటో అని, మరొకరు ఫోటో అని, ఒకరు పైడితల్లి అని, మరొకరు పైడిమాంబ అని రాస్తే వెతుకులాటలో అవి కలవవు. డిజిక్యామ్, లైట్‌రూమ్‌లలో ట్యాగులను చెట్టు కొమ్మల్లా పేర్చుకోవచ్చు. "పండుగలు" అనే కొమ్మ కింద సిరిమానోత్సవం, రథసప్తమి, సంక్రాంతి పెట్టుకుని, టైపు చేయకుండా జాబితా నుంచే ఎంచుకుంటే తేడాలు రావు.

ఊరి పేర్ల విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు పార్వతీపురం విజయనగరం జిల్లా నుంచి విడిపోయి పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైంది. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పాలకొండ మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. అక్షాంశ రేఖాంశాలు ఉన్న ఫొటోకు సాఫ్ట్‌వేర్ పటంలో చూసి ఊరి పేరు తేలుస్తుంది. పటం కొత్తదైతే 2017లో రాజాంలో తీసిన ఫొటోను కూడా విజయనగరం జిల్లాదే అంటుంది. అప్పట్లో చేత్తో రాసిన ట్యాగు శ్రీకాకుళం అంటుంది. రెండూ అబద్ధం కావు. వెతకడానికి ఊరి పేరును ఆధారం చేసుకుని, జిల్లా పేరును అదనంగా ఉంచుకుంటే గొడవ ఉండదు.

ముఖాల గుర్తింపు

సాఫ్ట్‌వేర్ ముందు ఫొటోలో ముఖం ఎక్కడుందో కనిపెడుతుంది, తర్వాత దాన్ని అంకెల వరుసగా మారుస్తుంది, దగ్గరగా ఉన్న వరుసలను ఒక గుంపు చేస్తుంది. గుంపుకు పేరు పెట్టేది మనిషే. అక్కచెల్లెళ్లను కలిపేయడం, పసితనంలోని బిడ్డనూ పదేళ్ల బిడ్డనూ ఇద్దరిగా చూడటం, బాసికం కట్టిన పెళ్లికూతురిని పోల్చుకోలేకపోవడం మామూలే. డిజిక్యామ్‌లో ఈ పని సొంత కంప్యూటర్‌లోనే జరుగుతుంది, క్లౌడ్ సేవల్లో ఫొటోలు వారి సర్వర్లకు చేరాక జరుగుతుంది. ఇతరుల ఇళ్ల వేడుకల ఫొటోలు దాచే స్టూడియోలు ఈ తేడాను తప్పక పట్టించుకోవాలి.

అక్టోబర్ నెల, కాపీల దూరం

ఇంత పేర్చాక అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉంటే, ఆ డిస్కు చెడిన రోజున పేర్చిన శ్రమా పోతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన నియమం ప్రకారం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. సాఫ్ట్‌వేర్ కేటలాగ్‌ను కూడా ఫొటోలతో పాటే కాపీ చేయాలి. రెండు చోట్లనూ ఒకేలా ఉంచుతూ తొలగింపులను కూడా అటువైపు పంపే సింక్‌ను కాపీగా లెక్కించకూడదు.

ఉత్తరాంధ్రలో "వేరే చోటు" అన్న మాటను కాస్త జాగ్రత్తగా చదువుకోవాలి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటాయి. దసరా, సిరిమానోత్సవాలు కూడా ఎక్కువగా ఈ నెలలోనే వస్తాయి. ఫొటోలు ఎక్కువగా చేరే నెల, కరెంటూ నెట్‌వర్కూ రోజుల తరబడి పోయే ప్రమాదం ఉన్న నెల ఒకటే. విజయనగరానికి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, హుద్‌హుద్ రెండింటినీ ఒకే రోజు దెబ్బతీసింది. విజయనగరంలోని ఇంటికి విశాఖలోని బంధువుల ఇంట్లో ఉంచిన డిస్కు వేరే చోటు కిందకు రాదు. ఆ డిస్కు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉండాలి, లేదా ఆ కాపీ క్లౌడ్‌లో ఉండాలి. డిస్కు అయితే దాన్ని సెప్టెంబర్ చివరికల్లా కొత్త ఫొటోలతో నింపి పంపేయాలి, పంపే ముందు అక్కడక్కడ పది పన్నెండు ఫైళ్లు తెరిచి, బొమ్మా ట్యాగూ రెండూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.